పిల్లల బృందగానం ఆన్‌లైన్‌లో: తరచుగా అడిగే ప్రశ్నలు

మా కర్ణాటక సంగీతం క్లాసులో ఇప్పుడు 14 మంది పిల్లలున్నారు. ఆరుగురు విజయవాడ, నలుగురు హైదరాబాద్, ముగ్గురు డాలస్, ఒకబ్బాయి దుబాయ్. 2020 మార్చి దాకా క్లాసంటే మా ముందు గదిలో పరిచిన చాపలే. లాక్‌డౌన్ రాగానే అందరిలాగే ఫోన్ ముందు కూర్చున్నాం, కొన్నాళ్ళే కదా అనుకుని. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు. ఊళ్ళు మారిన పిల్లలు క్లాసు మానలేదు, కొత్తవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చేరారు. చేరిన ప్రతి ఇంటి నుంచీ అవే ప్రశ్నలు. తోటి టీచర్లూ ఫోన్ చేసి అడుగుతుంటారు. చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను.

బృందగానం అంటారు, పిల్లలందరి చేతా ఒకేసారి ఎందుకు పాడించరు?

పాడించాను, ఒక్కసారి. మొదటి ఆన్‌లైన్ క్లాసులో మైకులన్నీ తెరిపించి "సరళీ వరుసలు, మొదటిది, మూడో కాలం" అన్నాను. అవి మొట్టమొదట నేర్పే స్వర పాఠాలు, మూడో కాలమంటే నాలుగింతల వేగం. చేపల మార్కెట్ నయం. ఆ రోజు పిల్లలు తాళం తప్పారనుకుని కేకలేశాను కూడా. తర్వాత తెలిసింది, తప్పు వాళ్ళది కాదని.

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. చాప మీద పక్కపక్కన కూర్చున్న పిల్లల మధ్య మీటరు దూరం ఉంటే, ఒకరి గొంతు ఇంకొకరికి 3 మిల్లీసెకన్లలో చేరుతుంది. పది మీటర్ల వేదిక మీద ఆ చివరి నుంచి ఈ చివరికి దాదాపు 30. అక్కడి దాకా మన చెవి సర్దుకుంటుంది. అది దాటితే పట్టు జారడం మొదలవుతుంది. వీడియో కాల్‌లో గొంతు ఒకవైపు చేరడానికే 150, 200 మిల్లీసెకన్లు పట్టడం మామూలు.

లెక్క వేసి చూడండి. ఆదితాళంలో ఒక అక్షరానికి, అంటే ఒక దెబ్బకి, 800 మిల్లీసెకన్లు అనుకుందాం. మూడో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు, అంటే ఒక్కో స్వరం 200. నేను పాడింది మీ పాపకి 200 ఆలస్యంగా చేరుతుంది. తను దానితో సరిగ్గా కలిపి పాడుతుంది. అది నాకు తిరిగి రావడానికి ఇంకో 200. నేను "స రి గ మ"లో మ దగ్గర ఉంటే, పాప గొంతులో నాకు రి వినబడుతుంది. పాప లయ తప్పలేదు, నేనూ తప్పలేదు. అయినా ఇద్దరం కలవలేదు.

ఇలాంటప్పుడు ఎవరైనా చేసే పని, అవతలివాళ్ళు వచ్చి కలిసేదాకా కాస్త ఆగడం. అవతలివాళ్ళూ అదే చేస్తారు. తాళం రెండు చుట్లు (ఆవర్తనాలు) తిరిగేసరికి పాట ఎద్దుబండి అవుతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్ చేఫ్ బృందం ఇద్దరి చేత వేరువేరు గదుల్లో చప్పట్లు కొట్టించి ఇదే చూసింది: ఆలస్యం పెరిగేకొద్దీ చప్పట్లు నెమ్మదించాయి.

దీనికి తోడు, వీడియో కాల్ యాప్‌లు మాటల కోసం తయారైనవి. ఎవరి గొంతు గట్టిగా ఉంటే దాన్ని ముందుకు తెచ్చి మిగతావి నొక్కేస్తాయి. మీటింగుకి అది మంచి గుణమే. బృందగానానికి అదే శత్రువు.

ఆలస్యం ఇంటర్నెట్‌తో పుట్టిన జబ్బు మాత్రం కాదు. 2009లో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అన్నమయ్య లక్షగళార్చన జరిగింది. అంత మైదానంలో మీకు 170 మీటర్ల అవతల ఉన్నవాళ్ళ గొంతు మీ దాకా రావడానికి అర సెకను పడుతుంది. అక్కడా పక్కవాళ్ళని, దగ్గరి స్పీకర్‌ని పట్టుకుని పాడాల్సిందే.

ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. ఇప్పుడైనా కలిసి పాడొచ్చా?

స్పీడ్ వేరు, ఆలస్యం వేరు. పైపు ఎంత లావుగా ఉన్నా నీళ్ళు రావాల్సిన దూరం తగ్గదు కదా. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసినా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు. ఎన్ని వేలు పోసినా దీన్ని తగ్గించే కంపెనీ లేదు.

విజయవాడ, హైదరాబాద్ మధ్య అయితే దూరం సమస్య కాదు, 270 కిలోమీటర్లకి ఒకటిన్నర మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా వైఫైలోను, ఫోన్‌లోను, యాప్‌లోను, దారి మధ్య సర్వర్లలోను. దాన్ని తగ్గించడానికే జాక్‌ట్రిప్, జమూలస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కానీ వాటికి కంప్యూటర్, రౌటర్ నుంచి నేరుగా కేబుల్, వైరున్న హెడ్‌ఫోన్స్, వీలైతే విడిగా సౌండ్ కార్డు ఉండాలి. పెద్ద విద్యార్థులు ఇద్దరు ముగ్గురు ఒకే ఊళ్ళో ఉంటే ప్రయత్నించండి. అమ్మ ఫోన్‌లో క్లాసు వినే ఎనిమిదేళ్ళ పిల్లలకి ఈ తలనొప్పి వద్దని నా అభిప్రాయం.

మరి క్లాసులో అందరూ కలిసి చేసేది ఏమిటి?

నేను ఒక పంక్తి పాడతాను. ఒకరు మైక్ తెరిచి తిరిగి పాడతారు. మిగతావాళ్ళందరూ మ్యూట్‌లో, ఆ ఒక్కరితో కలిపి పాడతారు. తర్వాత పంక్తికి ఇంకొకరు. ఎవరి వంతు వస్తుందో ముందే చెప్పను, అందుకని నిద్రపోయేవాళ్ళు తక్కువ.

ఇందులో ఒక మెలిక ఉంది. మ్యూట్‌లో పాడే పిల్లకి తను బృందంలో పాడుతున్నట్టే ఉంటుంది. మైక్ తెరిచిన పిల్లకి మాత్రం ఒక్కగొంతే. చాపల మీద పాడేటప్పుడు పక్కమ్మాయి గొంతు వెనక దాక్కునే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. పెదాలు కదుపుతారు, అదే పంక్తిని మార్చి పాడే సంగతి రాగానే ఆగిపోతారు. పాతిక మందిలో నాకు కనబడేది కాదు. ఆన్‌లైన్‌లో అది సాగదు. మూడేళ్ళుగా వర్ణం అనే సాధన పాట వచ్చనుకున్న ఒకమ్మాయికి, అందులోని స్వరాల భాగం చిట్టస్వరం అసలు రాదని 2020లో గాని నాకు తెలియలేదు. సిగ్గుపడాల్సింది తను కాదు.

మ్యూట్‌లో పాడుతున్నప్పుడు తప్పులు ఎలా పట్టుకుంటారు?

పట్టుకోలేను. అందుకే వారానికి ఒకసారి ప్రతి ఒక్కరూ తంబూరాతో, తాళం వేస్తూ, రెండు నిమిషాల ఆడియో పంపాలి. విని, ఏ సంగతి ఎక్కడ జారిందో జవాబు ఆడియోలోనే పాడి పంపుతాను.

తోటి టీచర్లకి ఒక హెచ్చరిక: స్క్రీన్ మీద చేతులు చూసి తాళం దిద్దకండి. ఒక్కో ఇంటి చెయ్యి ఒక్కో ఆలస్యంతో కనబడుతుంది. మీ చప్పుడుకి ఎవరి దెబ్బా కలవదు. ఆ పిల్ల గొంతుకీ ఆ పిల్ల చేతికీ పొంతన ఉందా లేదా, అంతవరకే చూడండి.

ఇంట్లో శ్రుతి బాక్స్ పెడుతున్నాం, కానీ మీకు వినబడట్లేదు అంటారు. ఎందుకు?

యాప్ దాన్ని ఫ్యాన్ చప్పుడు అనుకుంటోంది. మాట ఆగి ఆగి వస్తుంది. ఆగకుండా ఒకే తీరున మోగేది ఏదైనా యాప్ దృష్టిలో రణగొణధ్వనే. తంబూరా అంటేనే ఆగకుండా మోగేది. పాపం, పిల్లలు దీర్ఘంగా పట్టిన "ఆ" కూడా ఇలాగే మధ్యలో సన్నగిల్లిపోతుంది.

జూమ్‌లో ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" పెట్టుకోండి. అది పెట్టాక ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి, లేకపోతే మా గొంతు మీ స్పీకర్‌లోంచి మీ మైకులోకి వెళ్ళి మాకే తిరిగి వస్తుంది.

తంబూరా మాత్రం ఎవరింట్లో వాళ్ళకే మోగాలి. నా తంబూరా మీద ఆధారపడొద్దు, నెట్ తడబడితే అదీ తడబడుతుంది. పాత ఫోన్ ఏదైనా ఉంటే తంబూరా యాప్ వేసి పక్కన పెట్టండి. అందరిదీ ఐదున్నర శ్రుతి, యాప్‌లో చిన్న చిన్న తేడాలు పెట్టే మీట ఉంటుంది, దాన్ని సున్నా దగ్గరే ఉంచండి. ఒకరింట్లో పిల్లవాడు ఆ మీటతో ఆడుకున్నాడు. బృందం రికార్డింగ్ అంతా అయ్యాక ఒక గొంతు ఎందుకు కలవట్లేదో వెతకడానికి నాకు ఒక రాత్రి పట్టింది.

ఏమేం కొనాలి?

వైరున్న ఇయర్‌ఫోన్స్. అంతే. బ్లూటూత్‌వి వద్దు, వాటికవే 100 నుంచి 200 మిల్లీసెకన్ల ఆలస్యం కలుపుతాయి. ఖరీదైన మైకు గురించి పదో తరగతి అయ్యాక మాట్లాడుకుందాం.

మా అబ్బాయి మృదంగం. వీళ్ళతో పాటు ఆన్‌లైన్‌లో వాయించొచ్చా?

ఎదురెదురుగా వాయించే పద్ధతిలో కుదరదు. మాటల యాప్‌కి మృదంగం వినడం రాదు: కుడివైపు దెబ్బల్ని తలుపు చప్పుడనుకుంటుంది, ఎడమవైపు తోపిని మింగేస్తుంది. వయొలిన్‌కీ ఇలాంటి బాధే, స్వరాన్ని ఊపే గమకం మధ్యలో తెగిపోయి మెట్లు మెట్లుగా వినబడుతుంది.

రికార్డింగ్‌లో అయితే వాయించొచ్చు, కాని అక్కడ మన సంప్రదాయం తలకిందులవుతుంది. మామూలుగా గాయకుడు ముందు, పక్కవాద్యం వెనక. గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ లాగుతాడో చూసి మృదంగం నడుస్తుంది. రికార్డింగ్‌లో తంబూరా, తాళం ముందు, దాని మీద నా గొంతు, తర్వాత మృదంగం, ఆ తర్వాతే పిల్లల గొంతులు. మృదంగం వాయించే అబ్బాయికి పాడేవాళ్ళ ముఖాలు కనబడవు. నెరవు, కల్పనస్వరం జోలికి అసలు పోను. ఎదుటి మనిషిని వింటూ అప్పటికప్పుడు పుట్టాల్సినదాన్ని ముక్కలుగా రికార్డు చేసి అతికిస్తే అది మనోధర్మం కాదు, కుట్టుపని.

బాబుకి గొంతు మారుతోంది. గ్రూప్‌లో పాడటానికి సిగ్గుపడుతున్నాడు.

పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య మగపిల్లలకి ఇది మామూలే. నిజం చెప్పాలంటే ఈ వయసుకి ఆన్‌లైన్ వరం. మ్యూట్‌లో, తనకి అందే శ్రుతిలో పాడుకోవచ్చు, నవ్వేవాళ్ళు లేరు. ఒకటో, రెండో శ్రుతికి యాప్ మార్చుకోమనండి. తారస్థాయికి బలవంతం చేయొద్దు. నాకు ఒంటరిగా పది నిమిషాలు ఫోన్ చేస్తే చాలు, మైక్ తెరవమని క్లాసులో అడగను.

గళ్ళు గళ్ళుగా పిల్లలందరూ కలిసి పాడే వీడియోలు వస్తున్నాయి కదా, అవి ఎలా చేస్తారు?

వాళ్ళు కలిసి పాడలేదు. ఎవరింట్లో వాళ్ళు, ఒక్కో రోజు, ఒక్కరే పాడారు. తర్వాత ఎవరో ఒకరు కూర్చుని అతికించారు.

ఇది కరోనా కనిపెట్టింది కాదు. అమెరికన్ స్వరకర్త ఎరిక్ విటేకర్ 2010లోనే 12 దేశాల నుంచి 185 గొంతులతో ఇలాంటిది చేశారు. 2020లో ఆయన చేసినదానిలో 17,572 మంది ఉన్నారు. మనం 14 మందితోనే చెమటలు కక్కుతాం.

మా పద్ధతి ఇది. ముందు నేను తంబూరా, తాళం చప్పుడు, నా గొంతు కలిపి ఒక ఆడియో పంపుతాను. మొదట్లో ఒక ఆవర్తనం ఖాళీ తాళం ఉంటుంది, అందులో ఎనిమిదో అక్షరం మీద పిల్లలు గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. ఆ చప్పుడే నాకు అన్ని రికార్డింగుల్నీ ఒక గీత మీద నిలబెట్టే గుర్తు. ఆడియో ఒక ఫోన్‌లో ఇయర్‌ఫోన్‌తో వింటూ, ఇంకో ఫోన్‌లో వీడియో తీయాలి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోవాలి, రెండో చెవి తన గొంతు వినడానికి. రెండు చెవులూ మూసుకుంటే శ్రుతి జారిపోవడం తనకే తెలియదు. ఫోన్ అడ్డంగా, కిటికీ ముఖానికి ఎదురుగా, ఫ్యాన్ ఆపి. వేసవిలో ఆ చివరి ముక్క చెప్పడానికి నాకే జాలి వేస్తుంది.

వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టండి.

అతికించేటప్పుడు ముందు గొంతులన్నీ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో సర్దుతాను, చివరికి బొమ్మ. అన్ని గొంతులూ తెరిస్తే సకారాలన్నీ తలా ఒక చోట పడి పాము బుసలా వినబడతాయి. పదం చివరి హల్లులు కూడా అంతే. అందుకే ఇద్దరు ముగ్గురి సకారాలు ఉంచి మిగతావి తగ్గించాలి. ఆరు నిమిషాల కీర్తనకి నాకు పట్టేది మూడు నాలుగు రాత్రులు. ఒకసారి ఒక సంస్థ పండగ కార్యక్రమానికి అడిగితే ఇలా చేసి పంపాను. వాళ్ళు మొదటి 40 సెకన్లు శబ్దం లేకుండా ప్రసారం చేశారు. పల్లవి మొత్తం పిల్లలు చేపల్లా నోళ్ళు తెరుస్తూ ఉన్నారు.

మా పాప ముప్పై సార్లు పాడింది, ఒక్కటీ నచ్చట్లేదు. ఏడుస్తోంది.

నచ్చనిది పాపకా, మీకా? మూడు సార్లు పాడించండి, వాటిలో ఏదో ఒకటి పంపండి. రికార్డు బటన్ పిల్లల్లో కొత్త టెన్షన్ తెచ్చింది. వేదిక మీద తప్పు పోతే పాట ముందుకి పోతుంది, ఫోన్‌లో పోతే మొదటికి రావచ్చని తెలుసు కాబట్టి మొదటికే వస్తుంటారు. ఒక పిల్ల పంపిన రికార్డింగ్‌లో అనుపల్లవి దగ్గర కుక్కర్ మూడు విజిల్స్ వేసింది. తీసేయలేదు. మూడో విజిల్ దాదాపు పంచమం మీద పడింది.

వీడియో కాకుండా లైవ్‌గా చేయించే మార్గమే లేదా?

ఉంది, గొలుసు పద్ధతి. కలిసి కాదు, ఒకరి తర్వాత ఒకరు. ఒకరు ముగించి ఇంకొకరు ఎత్తుకోవడానికి ఒక సెకను ఆలస్యమైనా వినేవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

దీనికి త్యాగయ్య పంచరత్నాలనే ఐదు కీర్తనల్లో ఆరభి రాగంలోని "సాధించెనె" కొలతకి కుట్టినట్టు సరిపోతుంది. చరణాలు చాలా ఉన్నాయి, ప్రతి చరణం తర్వాత "సమయానికి తగు మాటలాడెనె" అన్న పంక్తికి తిరిగి రావాలి. చరణం ఒకరు, ఆ పంక్తి ఇంకొకరు, మిగతావాళ్ళు మ్యూట్‌లో. త్యాగయ్య ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమికి మేం ఇలాగే చేస్తున్నాం. సమయానికి తగు మాటలాడే గుణం కృష్ణుడికి ఉంది కానీ నెట్‌కి లేదు, అందుకే ప్రతి చరణానికీ ఒకరిని అదనంగా సిద్ధంగా ఉంచుతాను. ఒకరి లైన్ పోతే రెండోవాళ్ళు అందుకుంటారు.

పంచరత్నాల్లోనే వరాళి రాగంలోని కీర్తన గురించి ఒక పిల్ల తండ్రి సరదాగా అన్నారు. ఆ రాగం గురువు ఎదురుగా కూర్చుని నేర్పకూడదు, విని నేర్చుకోవాలని పెద్దల మాట కదా, రికార్డింగ్ పంపితే ఏ దోషమూ ఉండదేమో అని. నేను అలాగే పంపుతున్నాను.

యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ గొడవ వస్తుందా?

త్యాగయ్య 1847లో పోయారు, ఆయన కీర్తనలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా యూట్యూబ్ యంత్రం ఒక్కోసారి మీ పిల్లల పాటని ఏదో ఆల్బమ్ అనుకుని నోటీసు పంపుతుంది. ఇది మా సొంత రికార్డింగ్ అని అభ్యంతరం పెట్టండి.

అన్నమయ్య దగ్గర కాస్త జాగ్రత్త. సాహిత్యం పాతదే, కానీ మనం పాడే వరసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి గార్ల లాంటివారు కట్టినవి. మన చట్టం ప్రకారం కర్త పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. నేదునూరి గారు 2014లో పోయారు. కనీసం వరస ఎవరిదో వీడియో కింద రాయడం మర్యాద.

పాప ముఖం వీడియోలో కనబడటం మాకు ఇష్టం లేదు.

గొంతు మాత్రం పంపండి. ఆ గడిలో తంబూరా బొమ్మ పెడతాను. కారణం అడగను. కనబడినా సరే అన్నవాళ్ళ దగ్గర కూడా రాతలో అనుమతి తీసుకుంటాను. పేర్లు, ఊళ్ళు వేయను.

క్లాసు టైమ్ నవంబర్‌లో ఎందుకు మారుతుంది?

మనం మార్చట్లేదమ్మా, అమెరికా గడియారం మారుతోంది. శనివారం ఉదయం 7 గంటల క్లాసు డాలస్ పిల్లలకి చలికాలంలో శుక్రవారం రాత్రి 7:30, వేసవిలో 8:30. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గుర్తుపెట్టుకోండి. ఆ పైన వచ్చే శనివారం డాలస్ నుంచి ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు, ఏటా.

ఆరేళ్ళ పిల్లని చేర్చుకుంటారా?

బృందంలోకి వద్దు. అమ్మానాన్నల్లో ఒకరు పక్కన కూర్చుని తామూ పాడతామంటే విడిగా, ఇరవై నిమిషాలు.

కరోనా పోయి ఇన్నేళ్ళయింది. ఇంకా ఆన్‌లైన్ ఎందుకు?

2020 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గాయక బృందం రిహార్సల్‌కి 61 మంది వస్తే 53 మందికి జబ్బు చేసింది, ఇద్దరు పోయారు. ఆ వార్త చదివినప్పుడు చాపలు చుట్టేశాను. ఇప్పుడు భయం లేదు, కానీ దుబాయ్ అబ్బాయిని చాప మీదకి ఎలా తేను?

ఏటా వేసవి సెలవుల్లో వారం రోజులు మాత్రం అందరినీ మా ఇంటికి రమ్మంటాను. మొదటి ఏడాది వాళ్ళు రాగానే జరిగింది చెబుతాను. ఒక్కొక్కరూ విడిగా పాడితే ముచ్చటగా ఉంది, కలిపి పాడిస్తే 14 సోలో కచేరీలు. ఎవరి గొంతు వాళ్ళు పూర్తిగా తెరిచారు, పక్కవాళ్ళని వినాలన్న ఊహే లేదు. ఊపిరి అందరూ ఒకేసారి తీసుకుంటే పాట మధ్యలో గొయ్యి పడుతుందని కూడా తెలియదు. అది నేను ఆన్‌లైన్‌లో నేర్పలేను. మొదటి రెండు రోజులు కీర్తన జోలికి పోకుండా సరళీ వరుసలే, పక్కవాళ్ళ గొంతు కంటే మీది పైకి వినబడకూడదని చెప్పి, మెల్లగా పాడించాను. ఆన్‌లైన్‌లో సాహిత్యం, సంగతులు, తాళం, ఒక్కరుగా పాడే ధైర్యం వస్తాయి. కలవడం మాత్రం ఆ వారంలోనే. అందుకే ఎండల్లో ప్రయాణమా అని అడగొద్దు, టికెట్లు జనవరిలోనే చేసుకోండి.

ఆన్‌లైన్ కదా, ఫీజు తగ్గిస్తారా?

తగ్గించను. ఎడిటింగ్ రాత్రుల గురించి పైన రాశాను, మళ్ళీ ఒకసారి చదవండి.

క్లాసు మధ్యలో కరెంటు పోతే?

మొబైల్ డేటాతో తిరిగి చేరండి, వీడియో ఆపి ఆడియో మాత్రం పెట్టుకోండి. అదీ కుదరకపోతే తంబూరా యాప్ పెట్టుకుని, ఆగిన చోటి నుంచి మిగతా పాట ఒక్కరే పాడి పంపండి. మా ఇంట్లో కరెంటు పోతే మాత్రం ఆ రోజు క్లాసుని పెద్దమ్మాయి నడిపిస్తుంది. తనకి చెప్పి ఉంచాను.